వంకీల అంచు బిళ్ళ

మురికి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. గొప్ప కోసం చెప్పడం లేదు, అదొక జబ్బు. నా గురించి మా అత్త జన్మలో చెప్పిన ఒకే ఒక్క మంచిమాట "గిన్నెలు తోమితే అదే తోమాల" అని. ఆ జబ్బుతోనే ఒమన్‌లో నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. దానివల్ల మంచి జరిగిందో చెడు జరిగిందో ఈ రోజుకీ నాకు తేలలేదు.

మా కడప జిల్లా ఆడవాళ్లంతా కువైట్ విమానం ఎక్కుతుంటే నా రాత ఒమన్‌కు రాసి ఉంది. అల్ సువైక్‌లో మా ఇల్లు సముద్రానికి కారులో పది నిమిషాల దూరం. మా ఇల్లు అంటున్నాను గానీ అది నేను పనిచేసిన ఇల్లు. ఇంటి పెద్దాయన్ని బాబా అని, ఆయన కోడల్ని మామా అని పిలవాలని మొదటిరోజే నేర్పారు. నాకంటే పదేళ్లు చిన్నది నాకు మామా ఎట్లా అవుతుందో చాలా రోజులు మింగుడు పడలేదు. బాబాకు డెబ్బై దాటాయి. కుర్రతనంలో బొంబాయి నుంచి వచ్చే సరుకు పడవల దగ్గర పనిచేశాడట, అందుకని హిందీ వచ్చు. నాకు వచ్చిన హిందీ, ఆయనకు వచ్చిన హిందీ రెండూ వంకరవే కాబట్టి మాకిద్దరికీ బాగా కుదిరింది.

బాబా దగ్గర ఒక యంత్రం ఉండేది. చేతికర్ర చివర పళ్ళెం తగిలించినట్టు ఉంటుంది. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక తెల్లాయన దగ్గర కొన్నాడట. ఆ పళ్ళేన్ని ఇసుక మీద అటూ ఇటూ తిప్పుతూ నడిస్తే, కింద ఇనుమో రాగో ఉన్నచోట కీచుమంటుంది. నేను రావడానికి ముందు ఏడాది పెద్ద తుపాను వచ్చి ఒడ్డున ఇసుకంతా కోసుకుపోయింది. దాంతో ఎప్పటెప్పటివో బయటికి వచ్చాయని బాబా ప్రతి శుక్రవారం సాయంకాలం పిల్లల్ని కారులో వేసుకుని సముద్రం దగ్గరికి పోయేవాడు. మనవరాళ్లను పట్టుకోవడానికీ, టీ ఫ్లాస్కు మోయడానికీ నేను.

నేను ఆ సముద్రాన్ని చూసి మురిసిపోయింది మొదటి రెండు వారాలే. తర్వాత నా కంటికి అదంతా చెత్త. డబ్బాల మూతలు, వలలకు కట్టే సీసపు గుండ్లు, పడవల మేకులు. యంత్రం కీచుమనగానే బాబా మోకాళ్ల మీద కూర్చుని చిన్న పారతో తవ్వేవాడు. పది మేకులకు ఒక పాత డబ్బుబిళ్ళ దొరికేది. బిళ్ళ అంటే చూడగానే బిళ్ళ అని తెలిసేది కాదు, సముద్రం తిని, సున్నం పట్టి, పచ్చగా నల్లగా ఉండేది. దాన్ని చూసి బాబా ముఖం వెలిగిపోతుంటే, డెబ్బై ఏళ్ల మనిషికి ఇదేం పిచ్చి అనుకునేదాన్ని.

దొరికినవాటిని ఆయన తన గదిలో గాజు గ్లాసుల్లో ఆలివ్ నూనె పోసి నానబెట్టేవాడు. ఒక్కో గ్లాసులో ఒక్కోటి. నెలల తరబడి అట్లా ఉంచితే మురికి తనంతట తాను వదులుతుందట, బిళ్ళకు దెబ్బ తగలదట. తర్వాత భూతద్దం పెట్టుకుని, బొమ్మల పుస్తకం ముందేసుకుని, ఇది ఏ సుల్తాన్‌ది, ఇది ఏ దేశంది అని వెతికేవాడు. తేలకపోతే ఫొటో తీసి మస్కట్‌లో ఉన్న తెలిసినాయనకు కొడుకు చేత కంప్యూటర్‌లో పంపించేవాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ గ్లాసుల్ని ముట్టుకోవద్దని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఒకరోజు మామా, "బాబా గది శుభ్రంగా కడుగు, చుట్టాలొస్తున్నారు" అంది. అంతవరకూ ఆ గది ఆయనే ఊడ్చుకునేవాడు, నన్ను రానిచ్చేవాడు కాదు. పోయి చూస్తే కిటికీలో ఐదు గ్లాసులు. మడ్డి నూనె, పైన దుమ్ము, అందులో చచ్చిన చీమలు. నాకు ఒళ్లు జలదరించింది. ముసలాయన టీ తాగుతూ నూనె ఒలకబోసుకున్నాడేమో, మతిమరుపుతో అట్లాగే వదిలేశాడేమో అనుకున్నాను. మొదటి గ్లాసు నూనె పారబోసి అందులోని బిళ్ళను బయటికి తీశాను. మా ఇంట్లో తిరుపతి ముడుపు కట్టాలన్నా రూపాయిని ముందు చింతపండుతో తోమి, పసుపు నీళ్లలో కడిగి, అప్పుడు గుడ్డలో కడతాం. లోహమంటూ చేతికొస్తే చింతపండు పెట్టడమే మాకు తెలిసిన పద్ధతి. నిమ్మకాయంత చింతపండు, గుప్పెడు ఉప్పు, కొబ్బరిపీచు దొరక్క గిన్నెలు తోమే పీచు. రాలేదని మళ్లీ, మళ్లీ రాలేదని ఇంకా గట్టిగా. అరగంట సేపు తోమి తళతళలాడించి, శుభ్రమైన సాసర్‌లో పెట్టి, మెచ్చుకుంటాడని బాబా కోసం కాచుకున్నాను.

బాబా వచ్చాడు. సాసర్ చూశాడు. కిటికీ చూశాడు. మంచం మీద కూలబడ్డాడు.

"ఏం పెట్టావు దీనికి?"

"ఇమ్లీ, బాబా."

"మాఫీ ముఖ్" అన్నాడు. మెదడు లేదు అని. అరిచి అంటే ఇంత బాధపడేదాన్ని కాదు, చాలా నెమ్మదిగా అన్నాడు. కష్టపడి కడిగితే తిట్టు ఏమిటో అర్థం కాక నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నన్ను పనికి కుదిర్చిన ఏజెంటు ఆఫీసుకు ఫోన్ చేసి నన్ను ఇంటికి పంపించేస్తారేమోనని భయం వేసింది. మనసులో మాత్రం, మురికిని దాచుకునేవాళ్లను ఇక్కడే చూశాను అని తిట్టుకున్నాను.

కాసేపటికి ఆయనే పిలిచాడు. బిళ్ళను వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. ఒక వైపు పూర్తిగా అరిగి నున్నగా ఉంది. రెండో వైపు కూడా ముప్పాతిక వంతు సముద్రం తినేసింది. మిగిలిన పావు భాగంలో అంచు గుండ్రంగా కాకుండా వంకీలు వంకీలుగా ఉంది. ఆ అంచు పక్కన సన్నటి గీతలు ఉన్నాయి.

"ఇది అరబీ కాదు. ఇంగ్లీషు కాదు. హిందీ ఇట్లా ఉండదు. ఎష్ హాదా?" అన్నాడు. ఇదేమిటి అని.

నాకెందుకు చూపిస్తున్నాడో తెలియలేదు, నేను పదో తరగతి తప్పిన మనిషిని. తీసుకుని చూశాను. గీతలే. ఇటు తిప్పాను. గీతలు కొంచెం గుండ్రంగా తిరిగాయి. మళ్లీ తిప్పాను. అప్పుడు కనిపించింది. ఒ. దాని పక్కన క. "ఒక."

ఒమన్‌కు వచ్చిన మూడేళ్లలో ఇంటి ఉత్తరాల్లో తప్ప తెలుగు అక్షరం నా కంట పడలేదు. సముద్రం అడుగునుంచి వచ్చిన బిళ్ళ మీద తెలుగు ఎట్లా ఉంటుంది? తోమి తోమి నా కళ్లు గానీ చెదిరాయా? నేనే పీచుతో గీరి గీతలు పెట్టానా? పక్కకు పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ చూశాను. ఒక. మళ్లీ అదే.

"బాబా, ఇది నా భాష" అన్నాను.

ఆయన కాగితమూ పెన్నూ ఇచ్చి రాయమన్నాడు. రాశాను. భూతద్దంలో కాసేపు కాగితాన్ని, కాసేపు బిళ్ళను చూశాడు.

"అంటే ఏమిటి?"

"వాహద్" అన్నాను. ఒకటి.

"వాహద్" అని ఆయన కూడా అన్నాడు. ఇంకేదో అడుగుతాడని నిలబడ్డాను. అడిగింది ఒక్కటే, మీ దేశం సముద్రం పక్కనేనా అని. మా కడప పక్కన సముద్రం లేదు గానీ మా రాష్ట్రం పొడవునా సముద్రమే, తూర్పు వైపు అని చెప్పాను. "తూర్పు వైపు" అని ఆయన రెండుసార్లు అనుకున్నాడు. మిగతా నాలుగు గ్లాసుల జోలికి పోవద్దని చెప్పి నన్ను పంపించేశాడు. నన్ను ఇంటికి పంపించే మాటే ఎత్తలేదు.

ఆ వారం నాకంతా అయోమయం. తేలని బిళ్ళ ప్రతిదాన్నీ మస్కట్‌కు ఫొటో పంపే మనిషి దీన్ని పంపలేదు. కొడుకుకు కూడా చూపించలేదు. చిన్న గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని తిరిగాడు. పాడుచేశానని తిట్టిన బిళ్ళనే అంత అపురూపంగా దాచుకోవడమేమిటో తెలియలేదు.

తర్వాతి శుక్రవారం సముద్రం ఒడ్డున తానే చెప్పాడు. వాళ్ల నాన్న ఖర్జూరాలు వేసుకుని పడవలో ఇండియాకు పోయేవాడట. బాబాకు ఆరేళ్లప్పుడు పోయినవాడు మళ్లీ రాలేదు. పడవా రాలేదు, ఎవరూ రాలేదు. ఊళ్లో మాత్రం మాటలు వచ్చాయి. వాడు అక్కడ ఇంకో పెళ్లి చేసుకుని ఉండిపోయాడు అని. బాబాకు ఒక అక్క. అప్పటికి పెళ్లి కుదిరిన పిల్ల. తండ్రి పెళ్లాన్నీ పిల్లల్నీ వదిలేసి పోయాడనే మాట పుట్టగానే ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత ఎప్పటికో ఒక ముసలాయనకు రెండో భార్యగా పోయింది. ఆ రోజునుంచీ అక్క నోట నాన్న మాట లేదు. చనిపోయినవాళ్లను తలుచుకున్నప్పుడు అల్లా కరుణించుగాక అంటారు కదా, ఆ ఒక్కమాట తండ్రికి ఆమె ఏనాడూ అనలేదట.

"ఇప్పుడు అక్క మంచం పట్టింది. ఆ కోపంతోనే పోకూడదు" అన్నాడు బాబా. "నాన్న తిరిగి వచ్చాడు. ఈ ఒడ్డు దాకా వచ్చాకే పడవ మునిగింది. అప్పట్లో మా దగ్గర ఇండియా రూపాయలు అందరి దగ్గరా ఉండేవి, అవి దొరికితే లెక్క కాదు. కానీ ఈ అక్షరం ఇక్కడిది కాదు. అంత దూరం పోయి వచ్చినవాడి జేబులోంచే పడాలి."

అంతవరకూ పిచ్చి అనుకున్న పని మీద నాకు ఒక్కసారిగా జాలి పుట్టింది. ఆయన వెతుకుతున్నది నాణేల కోసం కాదు. నాకు ఆ తండ్రి మీద కూడా జాలి కలిగింది, ఎందుకంటే నన్ను గురించి మా ఊళ్లో అట్లాంటి మాటలే అంటున్నారని మా చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. మూడేళ్లయినా రాలేదంటే అక్కడేదో కుదుర్చుకుంది అని. దూరం పోయినవాడి మీద ఏమన్నా ఎదురు చెప్పేవాడు ఉండడు. ఆ రోజు నేను చదివిన రెండక్షరాలకు నాకే గర్వం వేసింది.

ఆ గర్వం నాలుగు రోజులు నిలిచింది. చింతపండు అయిపోయిందని మామాతో కలిసి సూక్‌కు, అంటే బజారుకు పోయాను. అక్కడ తాతల కాలంనుంచీ ఉన్న ఒక గుజరాతీ సేఠ్ దుకాణం ఉంది. అందులో పనిచేసే అన్నది నిజామాబాద్ వైపు. మామా పక్కన బట్టల కొట్టుకు పోయింది. నేను గల్లా దగ్గర నిలబడి చూస్తే, బల్ల మీది అద్దం కింద పాత బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిలో ఒకటి వంకీల అంచుది. నిండుగా, అరగకుండా ఉంది. దాని మీద తెలుగులో "ఒక అణా" అని ఉంది.

"ఏం జూస్తున్నవ్ చెల్లే?" అన్నాడు ఆ అన్న.

"ఇది యాడిదన్నా? దీంట్లో మన తెలుగుండాది."

"ఉంటది మరి. తెల్లోళ్ల జమానల అణా బిళ్ళ మీద హిందీ, ఉర్దూ, బెంగాలీ, తెలుగు నాలుగు రాసేటోళ్లంట. ఇవన్నీ సేఠ్ వాళ్ల తాత గల్లాల మిగిలినయి."

"ఇంత దూరం ఎట్లొచ్చిండాయి?"

"గీడ గూడ అప్పుడు గవే నడిచినయి గద. పోరగాండ్ల కాడి నుంచి ముసలోళ్ల దాంక అందరి చేతులల్ల గవే. సముద్రం దరి పొంటి తవ్వితే ఎన్నన్న దొరుకుతయి. ఏమైంది, గట్లున్నవ్?"

"ఏంలేదన్నా. చింతపండు అరకేజీ కట్టు."

ఆ బిళ్ళ ఎవరి జేబులోంచైనా పడి ఉండొచ్చు. జాలరివాడిది కావచ్చు, పిల్లవాడిది కావచ్చు. తెలుగు అక్షరం మా తీరం దాకా పోయినవాడికే దొరకాలని లేదు. నేను చదివింది తప్పు కాదు, ఒక అంటే ఒకే. కానీ ఆ చదివినదాని మీద ఆయన కట్టుకున్నదంతా ఒట్టిది.

చెప్పాలా వద్దా? చెబితే ఆయన ఏమైపోతాడు? చెప్పకపోతే, రేపు మస్కట్ ఆయనెవరో చెబితే, ఈ మనిషి నన్ను మోసం చేసింది అనుకోడా? ఇంటికి రాగానే ధైర్యం చేసి, "బాబా, దుకాణంలో ఇట్లాంటి బిళ్ళే..." అని మొదలుపెట్టాను. ఆయన నా మాట పూర్తికాకముందే, "రేపు అక్క ఇంటికి పోతున్నాం. నువ్వు కూడా రావాలి, దాన్ని చదవాలి" అని లేచి వెళ్లిపోయాడు. వినలేదా, వినదలుచుకోలేదా నాకు తెలియలేదు. రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అక్క ఇల్లు ఖర్జూరపు తోటలో ఉంది. చిన్న గది, కింద పరుపు, పరుపు మీద ఎముకల గూడులాంటి ముసలమ్మ. కళ్లు దాదాపు కనపడవు. కోడలు వచ్చి కాఫీ, ఖర్జూరాలు పెట్టి పోయింది. బాబా అక్క పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు. నాన్న అనే మాట రాగానే ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆయన ఆపలేదు. తుపాను సంగతి, ఇసుక సంగతి, యంత్రం సంగతి అన్నీ చెప్పి, బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టాడు.

"చదువు" అన్నాడు నాతో.

"ఒక" అన్నాను. "అంటే వాహద్."

"ఎవరీ అమ్మాయి?"

"ఆ సముద్రం వైపు అమ్మాయి. ఇది వాళ్ల అక్షరం. కదా?" అని నా వైపు చూశాడు.

"అవును, మా అక్షరమే" అన్నాను. అందులో అబద్ధం లేదు. అయినా దొంగతనం చేసినట్టే అనిపించింది.

ముసలమ్మ బొటనవేలితో బిళ్ళ అంచును తడుముతోంది. ఒక వంకీ, ఇంకో వంకీ, అరిగిపోయిన చోటు, మళ్లీ వంకీ. ఇంతలో మసీదు నుంచి అసర్ నమాజు పిలుపు వచ్చింది. బాబా లేచి వెళ్లాడు.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. కాఫీ గిన్నె తీద్దామని వంగితే ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంత బక్కమనిషికి అంత పట్టు ఎక్కడినుంచి వచ్చిందో. అప్పటికి నాకు ఇంటి అరబీ బాగానే అర్థమయ్యేది.

"దీనికి దోసెడు హల్వా వచ్చేది" అంది. "మా నాన్న పడవెక్కే ముందు ఎప్పుడూ నాకొకటి, తమ్ముడికొకటి చేతిలో పెట్టేవాడు. ఊళ్లో ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఇవే ఉండేవి."

ఈమెకు తెలుసు. అంచు తడమగానే తెలిసిపోయింది.

"నువ్వు వాడికి చెప్పకు" అంది. నేను తల ఊపాను. ఆమెకు కనపడదని గుర్తొచ్చి, "చెప్పను అమ్మా" అన్నాను.

బాబా నమాజు చేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. ఆమె బిళ్ళను పిడికిట్లో పెట్టుకుని, "ఒడ్డు దాకా వచ్చాడన్నమాట. ఇల్లు కనపడేంత దగ్గరికి వచ్చాడు" అంది. తర్వాత తండ్రి పేరు చెప్పి, అల్లా ఆయన్ని కరుణించుగాక అంది. డెబ్బై ఏళ్ల బాబా పరుపు అంచున తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఆయన తల నిమిరింది. నాకు కూడా ఏడుపు ఆగలేదు. ఎవరి కోసం ఏడుస్తున్నానో మాత్రం తెలియలేదు.

బిళ్ళ ఆమె దగ్గరే ఉండిపోయింది. కారులో తిరిగి వస్తూ నేను లెక్క సరిచూసుకుంటున్నాను. నాకు తెలుసు. అక్కకు తెలుసు. తమ్ముడికి మంచి జరగనీ అని అక్క అబద్ధమాడింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ నాన్న చేతిలో పెట్టిన అణా ఆరేళ్ల పిల్లవాడికి అస్సలు గుర్తుండదా? తర్వాత కుర్రతనమంతా సరుకు పడవల దగ్గర గడిపినవాడు వంకీల అంచు బిళ్ళను చూడనే లేదా? మస్కట్‌కు ఫొటో ఎందుకు పంపలేదు? ఇన్ని రోజుల్లో నన్ను, ఒకటి సరే, ఒకటి ఏమిటి అని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? అక్క కోసం తమ్ముడు, తమ్ముడి కోసం అక్క ఒకే బిళ్ళతో అబద్ధమాడారా? పక్కకు తిరిగి ఆయన ముఖం చూశాను. రోడ్డు మీదే చూపు పెట్టి నడుపుతున్నాడు, ఏమీ తెలియలేదు.

ఆ శుక్రవారం బాబా సముద్రానికి పోలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వంటింట్లోకి వచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కిటికీలోని నాలుగు నూనె గ్లాసులు. వాటిని తెచ్చి సింకు పక్కన పెట్టాడు.

"ఇవి కూడా నీ ఇమ్లీతో తోమెయ్. పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు.

"అక్షరాలు పోతాయి బాబా" అన్నాను.

"పోనీ" అన్నాడు.